రోవర్ చేతిలో ఉండగా గొలుసు, టిప్పన్, ఎఫ్‌ఎంబీ ఎందుకు నేర్చుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: లైసెన్స్‌డ్ సర్వేయర్ ట్రైనింగ్ అయింది, రోవర్ (ఉపగ్రహాల సాయంతో చోటు చెప్పే యంత్రం) అద్దెకు తెచ్చుకుని పనులు మొదలుపెట్టారు, పొలంలో కర్ర నిలబెట్టి బటన్ నొక్కితే రెండు సెంటీమీటర్ల తేడాలో పాయింట్ వస్తోంది. మరి ట్రైనింగ్‌లో గొలుసు లాగించడం, లంబం చూసే క్రాస్ స్టాఫ్ పట్టించడం, పాత టిప్పన్లు (తెలంగాణ వైపు ఒక్కో సర్వే నంబరు కొలతల కాగితాలు) చదివించడం, చేత్తో పటం గీయించడం దేనికి, ఆ రోజులన్నీ వృథాయే కదా అని. దాంతోపాటు ఏ టేపు కొనాలని కూడా అడిగారు.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం ఎక్కువగా ఆంధ్ర వైపు. ఇప్పుడు భూమి తగాదాల్లో కోర్టు కమిషనర్లు పిలిస్తే రెండు రాష్ట్రాల్లోనూ వెళ్తున్నాను. వెళ్ళిన చోట ఈ మధ్య నాకు ఎక్కువగా కనపడేది యంత్రం తప్పు కాదు. యంత్రం సరిగ్గా చెప్పినదాన్ని ఎక్కడ వాడాలో తెలియకపోవడం. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

ముందు మీతో ఏకీభవించాల్సిన విషయం. ఇనుప గొలుసు భుజాన వేసుకుని మీరు పొలానికి వెళ్ళనక్కర్లేదు. లాగ్ టేబుళ్ళు అక్కర్లేదు, ఇంకుతో పటం గీయక్కర్లేదు. గొలుసుకు దాని జబ్బులు దానికుండేవి. వాడగా వాడగా కొక్కేలు సాగి, 100 లింకుల గొలుసు 101 లింకులంత అయితే, దాంతో కొలిచిన ఎకరంలో రెండు సెంట్లు మాయమయ్యేవి. రెండు సెంట్లంటే దాదాపు 97 గజాలు, పేదవాడు ఇల్లు కట్టుకునే స్థలం. వాగు అడ్డొస్తే, చెరుకు తోట అడ్డొస్తే కొలత ఆగిపోయేది. ఒక ఊరు పూర్తి చేయడానికి నెలలు పట్టేది. రోవర్ ఆ కష్టాలన్నీ తీర్చింది. ఆంధ్రాలో 2020 డిసెంబరులో రీసర్వే మొదలుపెట్టి డ్రోన్లు, కార్స్ స్టేషన్లు (రోవర్‌కు సవరణలు పంపే స్థిర కేంద్రాలు), రోవర్లు దింపినప్పుడు నేను సంతోషించినవాళ్ళలో ఒకణ్ణి. పాతది కాబట్టి గొప్పదని నేను ఎప్పుడూ అనను.

అయితే రోవర్ చెప్పేది ఒక్కటే: మీరు నిలబడ్డ చోటు భూమి మీద ఎక్కడుందో. హద్దు ఎక్కడుందో అది చెప్పదు, చెప్పలేదు కూడా. మన హద్దులు ఉపగ్రహాల్లో లేవు. అవి వందేళ్ళనాటి కాగితాల్లో, మట్టిలో కూరుకుపోయిన రాళ్ళలో, పక్కపక్క రైతులు తరతరాలుగా ఒప్పుకుని దున్నుకుంటున్న గట్లలో ఉన్నాయి. ఆ కాగితాల్లో అక్షాంశాలు, రేఖాంశాలు ఉండవు. "ఈ రాయి నుంచి ఆ రాయికి ఇంత, మధ్యలో ఇంత దూరం దగ్గర ఎడమకు ఇంత" అని మాత్రమే ఉంటుంది. అంటే నేల మీద రెండు మూడు పాత రాళ్ళు దొరికే దాకా మీ రోవర్‌కి పని లేదు. ఆ రాళ్ళు దొరకబట్టడం, ఆ కాగితం చదవడమే మీరు వృథా అంటున్న విద్య.

ఒక ఎఫ్‌ఎంబీ పేజీ తీసుకుందాం. (ఎఫ్‌ఎంబీ అంటే ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్, ఆంధ్ర వైపు సర్వే నంబర్ల కొలతల పుస్తకం.) జి-లైను, అంటే ప్రధాన కొలత గీత, ఎ రాయి నుంచి డి రాయికి 840 లింకులు. ఎ నుంచి 260 దగ్గర ఎడమకు లంబంగా 145 ఆఫ్‌సెట్ వేస్తే బి రాయి. 610 దగ్గర ఎడమకు 120 వేస్తే సి రాయి. అక్కడితో పటం గీసేయవచ్చు. కానీ పాతవాళ్ళు బి నుంచి సికి గట్టు వెంట కూడా కొలిచి 351 అని రాసి పెట్టారు. ఎందుకు? 610లోంచి 260 తీస్తే 350, 145లోంచి 120 తీస్తే 25. ఈ రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 351 వస్తుంది. అంటే కొలిచినవాడు తన పనిని తానే పరీక్షించుకుని, ఆ పరీక్షను మనకోసం కాగితం మీద వదిలి వెళ్ళాడు. ఇప్పుడు వైశాల్యం చూడండి. రెండు త్రిభుజాలు, మధ్యలో ఒక ట్రెపీజియం. 18,850, 46,375, 13,800 కలిపితే 79,025 చదరపు లింకులు. ఎకరానికి లక్ష చదరపు లింకులు కాబట్టి వెయ్యితో భాగిస్తే సెంట్లు వచ్చేస్తాయి: జి-లైనుకు ఎడమవైపు 79 సెంట్లు. కాలిక్యులేటర్ లేని రోజుల్లో గట్టు మీద కూర్చుని రైతుకు అక్కడికక్కడే లెక్క చెప్పగలిగేవాళ్ళంటే కారణం ఇదే. 66 అడుగుల గొలుసును వంద లింకులు చేసిన ఇంగ్లిష్ గణితవేత్త గుంటర్ 1620లోనే ఆ సౌకర్యం ఆలోచించి పెట్టాడు. (క్రికెట్ పిచ్ పొడవు 22 గజాలు కూడా ఆ గొలుసు పొడవే.)

తెలంగాణ టిప్పన్‌లో గొలుసు వేరు. అక్కడ గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. 33 అడుగుల చదరమే గుంట, అంటే 121 గజాలు, అవి 40 అయితే ఎకరం. ఈ సంగతి తెలియని ఒక కుర్రాడు టిప్పన్‌లోని "5 గొలుసుల 8 అణాలు" అన్నదాన్ని కంప్యూటర్‌లో 5.8 అని కొట్టడం నేను చూశాను. ఎనిమిది అణాలంటే సగం గొలుసు. అసలు కొలత 181.5 అడుగులు, అతను కొట్టినది 191.4 అడుగులు. ఒక్క గీతలో దాదాపు పది అడుగుల తేడా. సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుని చక్కగా పటం గీసింది, రంగులు వేసింది, వైశాల్యం మూడు దశాంశాల దాకా ఇచ్చింది. ఆ ప్రింటు చూసిన రైతుకు గాని, తహసీల్దారు ఆఫీసులో గుమాస్తాకు గాని అనుమానం రావడానికి ఏమీ లేదు. నన్ను భయపెట్టేది అదే. చేత్తో గీసిన పటంలో తప్పు ఉంటే గీత మూసుకోదు, గీసేవాడికే తెలిసిపోతుంది. కంప్యూటర్ పటంలో తప్పు కూడా ఒప్పంత అందంగా ఉంటుంది.

మరో మాట. స్కాన్ కాపీల మీదే ఆధారపడకండి. పాత టిప్పన్లు చినిగి, పొడిపొడిగా రాలిపోతున్నాయి. పెన్సిల్‌తో రాసిన అంకెలు స్కాన్‌లో పడవు. 3కీ 8కీ, 1కీ 7కీ తేడా తెలియదు. వీలైతే రికార్డు రూములో అసలు కాగితాన్ని వెలుతురులో పట్టుకుని చూడండి. పటంలో గీతకూ అంకెకూ తేడా వస్తే అంకెనే నమ్మండి. బొమ్మ మీద స్కేలు పెట్టి కొలవకండి.

ఒక తగాదా గురించి చెప్తాను, ఊరూ పేర్లూ వద్దు. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో పక్కపక్క పొలాలు, అన్నదమ్ముల పిల్లలు. ఒకరు ప్రైవేటు సర్వేయర్‌ను పిలిపించి రోవర్‌తో కొలిపించారు. గట్టు రెండు మీటర్లకు పైగా తమ వైపు జరిగి ఉందని తేలిందట. కొత్త రాళ్ళు పాతి ఎర్ర రంగు కొట్టారు. ఆ లెక్కన రెండోవాళ్ళ బోరుబావి వీళ్ళ పొలంలోకి వచ్చేసింది. మాటా మాటా పెరిగి, పోలీసు స్టేషన్ దాకా పోయి, చివరికి కోర్టుకెక్కారు. నేను వెళ్ళి ఆ సర్వేయర్ ఫైలు తీసుకుని చూస్తే, రోవర్ పాయింట్లన్నీ బాగానే ఉన్నాయి. అన్నీ ఫిక్స్‌లో (చోటు పక్కాగా తేలిందని రోవర్ చూపినప్పుడు) తీసినవే. తప్పు వేరే చోట ఉంది. ఆయన ఎఫ్‌ఎంబీ తీయలేదు. గ్రామ పటం స్కాన్ చేసి, శాటిలైట్ ఇమేజ్ మీద పరిచి, రోడ్డు మలుపూ చెరువు కట్టా చూసి సర్ది అతికించారు. 1:5000 పటంలో గీత మందం అర మిల్లీమీటరు ఉంటే, నేల మీద ఆ గీతే రెండున్నర మీటర్లు! గీతకు ఏ అంచున హద్దు ఉందో ఎవరికి తెలుసు? ఆ పటం ఊళ్ళో ఏ నంబరు ఎక్కడుందో చూసుకోవడానికి. రాళ్ళు పాతడానికి పనికిరాదు.

మేము చేసింది పాత పద్ధతే. ఆ నంబరుదే కాకుండా చుట్టూ ఉన్న నంబర్ల ఎఫ్‌ఎంబీలన్నీ తెప్పించాం. పక్కపక్క నంబర్లకు ఉమ్మడి గీత రెండు పేజీల్లోనూ ఉంటుంది కాబట్టి, రెండు చోట్లా అంకె ఒకటేనా అని సరిచూశాం. డొంక చివర మూడు నంబర్లు కలిసే చోట పాత రాయి చెక్కుచెదరకుండా ఉంది. ఎదుటి మూలలో మరో రాయి పొదలో ఉంది. ఆ రెండింటి మధ్య దూరం కాగితంతో సరిపోయింది. ఇక అక్కడి నుంచి కొలుచుకుంటూ వచ్చి, కనపడకుండా పోయిన రాయి ఎక్కడుండాలో గుర్తుపెట్టి తవ్వించాం. మోకాలి లోతులో రాయి తల తగిలింది, దాని మీద చెక్కిన గుర్తు మట్టి తుడిస్తే స్పష్టంగా కనిపించింది. పాత గట్టు దాదాపు ఆ గీత మీదే ఉంది. ఎర్ర రంగు రాళ్ళు రెండూ అనవసరంగా పాతినవే. అంతా అయ్యాక ఆ పాత రాయి మీద మళ్ళీ రోవర్ పెట్టి పాయింట్ తీయించాను. ఇప్పుడు ఆ రాయిని ఎవరైనా పీకేసినా చోటు పోదు. రోవర్ అసలు ఉపయోగం అక్కడ.

పోయిన రాయిని మళ్ళీ పట్టుకునే పద్ధతి మీకు రావాలి. దొరికిన రెండు రాళ్ళ దగ్గర ఇద్దరు మనుషులు టేపు మొదళ్ళు పట్టుకుంటారు. కాగితంలో ఉన్న దూరాలకు రెండు టేపులనూ లాగి, నేల మీద కలిసే చోట మేకు కొట్టండి. అది చాలదు. మూడో రాయి నుంచి దూరం కొలిచి చూడండి. మూడూ కలిస్తేనే తవ్వించండి. కలవకపోతే మీరు పాతదనుకున్న రాళ్ళలో ఒకటి ఎవరో జరిపినది అయ్యుండాలి. ఏది జరిగిందో కూడా ఆ తేడాయే చెబుతుంది. కదలని రాళ్ళ నుంచి తీసిన కొలతలు ఒకదానితో ఒకటి కలుస్తాయి, జరిపిన రాయి కలిసిన ప్రతి కొలతా తేడా చూపిస్తుంది.

గట్టును చదవడం కూడా నేర్చుకోండి. ఇది ఏ పుస్తకంలోనూ నాకు కనపడలేదు, గొలుసు లాగే ముసలి చైన్‌మన్ల వెనక నడిచి నేర్చుకున్నది. ఏటా కొంచెం కొంచెం గట్టు చెక్కేసుకునే రైతు వైపు గట్టు నిలువుగా, గోడలా ఉంటుంది, మట్టి తాజాగా ఉంటుంది, గడ్డి వేర్లు తెగి బయటికి వేలాడుతుంటాయి. రెండోవైపు గట్టు వాలుగా, గడ్డి దట్టంగా ఉంటుంది. పాత గట్టు మీద తాటిచెట్లో, తుమ్మలో, కిత్తనారో వరుసగా ఉంటాయి. ఆ వరుస ఒక చోట గట్టును వదిలి పొలంలోకి వచ్చిందంటే, చెట్లు నడవవు కాబట్టి గట్టే జరిగిందన్నమాట. డ్రోన్ ఫొటోలో ఆ గట్టు ఒక గీతలా కనిపిస్తుంది. ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి దాని మీద గీత గీస్తాడు, అది హద్దయిపోతుంది. చెక్కినవాడికి చెక్కినంత దక్కుతుంది.

ఇంకా ముఖ్యమైనది మనుషులను అడగడం. హద్దు ఎక్కడని నేరుగా అడిగితే ఎవరి లాభం వాళ్ళు చెబుతారు. గట్టు మీద గడ్డి ఎవరు కోసుకునేవారు, ఈ తాటిచెట్లు గీసినవాళ్ళు డబ్బు ఎవరికి ఇచ్చేవారు, వానాకాలం నీళ్ళు ఎటు నుంచి ఎటు వదిలేవారు అని విడివిడిగా, ఒకరి మాట ఒకరు వినకుండా అడగండి. తగాదాతో సంబంధం లేని మూడో పొలం ముసలాయన్ని, అక్కడ కూలికి వెళ్ళిన ఆడవాళ్ళను అడగండి. నాట్లు వేసినవాళ్ళకు ఏ మడి ఎవరిదో, ఎక్కడితో ఆగేవారో బాగా గుర్తుంటుంది. 1984లో కరణాల, మునసబుల వ్యవస్థ రద్దయింది. ఆ కరణం పెత్తనం మళ్ళీ రావాలని నేను కోరుకోను, కాగితం తన గుప్పిట్లో పెట్టుకుని రైతులను ఎంత ఏడిపించారో చూసిన తరం మాది. అయితే ఊళ్ళో ప్రతి రాయీ ఎక్కడుందో తెలిసిన మనుషులు కూడా వాళ్ళతోనే పోయారు. కరణం వెంట తిరిగిన తలారులు, తెలంగాణలో కావలికారులు, నీరటికాళ్ళు అందరూ పెద్దవాళ్ళయిపోయారు. వాళ్ళ దగ్గరున్నది రాసుకున్నవారు లేరు. ఇంకా ఉన్నచోట వెళ్ళి, వాళ్ళను పొలం చుట్టూ నడిపించి, చూపించిన రాళ్ళ మీద రోవర్ పెట్టి పాయింట్లు తీసుకోండి. ఈ పని ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ చేయలేం.

ఇక రోవర్‌నే నమ్మాలన్నా పాత చెకింగ్ రావాలి. స్క్రీన్ మీద ఫిక్స్ బదులు ఫ్లోట్ ఉంటే, సెంటీమీటర్లు పోయి డెసీమీటర్లు, ఒక్కోసారి మీటరు దాకా తేడా ఉంటుంది. తొందరలో అది చూడకుండా పాయింట్ సేవ్ చేసేవాళ్ళు చాలామంది. మామిడి తోటలో ఆకుల కింద, రేకుల షెడ్డు పక్కన, గోడ పక్కన సిగ్నల్ తగిలి తిరిగివచ్చి, ఫిక్స్ చూపిస్తూనే తప్పు చెప్పే సందర్భాలున్నాయి. కార్స్ స్టేషన్ నుంచి సవరణలు మొబైల్ నెట్ ద్వారా వస్తాయి. నెట్ లేని ఊళ్ళో ఏం చేస్తారు? తోట బయట రెండు పాయింట్లు మంచి ఫిక్స్‌తో తీసుకుని, అక్కడి నుంచి టేపుతో ఆఫ్‌సెట్ వేసి లోపలి రాయిని పట్టుకోవాలి. అది గొలుసు సర్వేయే. లంబం పట్టడానికి క్రాస్ స్టాఫ్ లేకపోయినా 3, 4, 5 కొలతతో మేస్త్రీలు మూల మట్టం తీస్తారు కదా, అదే చాలు.

సాఫ్ట్‌వేర్‌లో జోన్ సంగతి ఒకటుంది. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం యూటీఎం (భూమిని ఆరేసి డిగ్రీల జోన్లుగా పంచే పటాల పద్ధతి) 44వ జోన్‌లో వస్తుంది, 78 నుంచి 84 డిగ్రీల దాకా. కానీ జహీరాబాద్, తాండూరు, ఆదోని, అనంతపురం 78కి పడమట ఉన్నాయి, అక్కడ 43. పలాస, ఇచ్ఛాపురం 84కి తూర్పున, అక్కడ 45. ఒకే జోన్ పెట్టుకుని అన్ని చోట్లా పని చేసేవాళ్ళున్నారు. జోన్ సరిగ్గా పెట్టినా గ్రిడ్ దూరం (పటం మీద లెక్కకట్టిన దూరం), నేల మీది దూరం ఒకటి కావు. 81 డిగ్రీల రేఖ ఏలూరు దగ్గరగా పోతుంది. అక్కడ గ్రిడ్ దూరం 100 మీటర్లకు 4 సెంటీమీటర్లు తక్కువ చూపిస్తుంది. హైదరాబాద్ వైపు వచ్చేసరికి తిరగబడి నాలుగైదు సెంటీమీటర్లు ఎక్కువ చూపిస్తుంది. ఎకరంలో ఇది లెక్కలోకి రాదు గానీ ఏలూరు దగ్గర వంద ఎకరాల బ్లాకు కొలిస్తే ఎనిమిది సెంట్లు తక్కువ వస్తుంది. టేపుతో కొలిచి చూసేవాడికి ఈ తేడా కనపడుతుంది, ఎందుకని ఆలోచిస్తాడు. టేపు ముట్టనివాడికి ఇలాంటిది ఒకటుందనే తెలియదు. అసలు ఎఫ్‌ఎంబీలో ఉన్నది నేల మీద సమతలంగా కొలిచిన దూరం. వాలు నేల మీద టేపును నేలకు ఆనించి లాగితే, పది డిగ్రీల వాలులో 100 మీటర్లకు మీటరున్నర పోతుంది. పాతవాళ్ళు గొలుసును ఎత్తి పట్టి, అంచెలంచెలుగా, గుండు దారంతో దించి కొలిచేది అందుకే.

నోటి లెక్క కూడా వదలకండి. కంప్యూటర్ వైశాల్యం చెప్పేలోగా, పొలం సుమారు 200 మీటర్ల పొడవు, 48 మీటర్ల వెడల్పు, అంటే 9,600 చదరపు మీటర్లు, ఎకరానికి 4,047 చొప్పున రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు అని మీకు తట్టాలి. స్క్రీన్ మీద 3 ఎకరాల 20 అని వస్తే వెంటనే అనుమానం రావాలి. ఆ అనుమానం రాని సర్వేయర్ చేతిలో యంత్రం ఏం చెబితే అదే తీర్పు అవుతుంది.

ఈ విద్య ఎందుకు పోతోందని నన్ను అడిగితే, ముక్కలు చేయడం వల్ల అంటాను. ఇదివరకు ఒకే మనిషి రికార్డు చదివి, నోటీసు ఇచ్చి, పొలం నడిచి, కొలిచి, పటం గీసి, సంతకం పెట్టేవాడు. తప్పు జరిగితే ఎవరిదో తెలిసేది. ఇప్పుడు డ్రోన్ ఎగరేసేది ఒకరు, రోవర్ పట్టేది ఇంకొకరు, ఎక్కడో ఆఫీసులో గీతలు గీసేది మరొకరు, ఆ గీతలు గీసేవాడు ఆ ఊరే చూసి ఉండడు. చైన్‌మన్ ఉద్యోగాలు తగ్గిపోయాయి, కాబట్టి వెనక నడిచి నేర్చుకునే దారి మూసుకుపోయింది. ఆంధ్ర రీసర్వేలో చాలా గ్రామాల నుంచి విస్తీర్ణం తగ్గిందని, పలువురు రైతుల భూములు కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్, భూమి ముక్క పటం) కింద వేశారని ఫిర్యాదులు వచ్చాయి. రోవర్లు చెడిపోయి కాదు. తొందరలో పక్క రైతులను పిలిచి, నిలబెట్టి, రాళ్ళు చూపించి ఒప్పించే పని కుదించడం వల్ల అని నా అభిప్రాయం. పక్కవాళ్ళకు నోటీసు ఇవ్వడం మన చట్టంలో ఉత్తినే పెట్టలేదు. కొలత సమయంలో గట్టుకు రెండు వైపులా మనుషులు నిలబడి ఉంటే సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వచ్చినప్పుడు కోర్టులు సాధారణంగా హద్దులకే విలువ ఇస్తాయి. దస్తావేజులో రెండెకరాలు రాసి ఉంది కాబట్టి రెండెకరాలు వచ్చేదాకా గీత జరుపుతానని కూర్చుంటే, మీరు పక్కవాడి పొలంలోకి వెళ్తారు.

మీరు ఏం చేయాలో చెప్తాను. పంట కోతలయ్యాక, వేసవిలో, పొలాలు ఖాళీగా ఉన్నప్పుడు మీ సొంత ఊళ్ళో తగాదా లేని ఒక సర్వే నంబరు తీసుకోండి. దాని టిప్పన్ గానీ ఎఫ్‌ఎంబీ గానీ, చుట్టూ ఉన్న నంబర్లవీ తీసుకోండి. రోవర్ ఇంట్లో పెట్టి, ఒక తోడు మనిషితో టేపు మీదే రాళ్ళు వెతకండి. దొరికినవి, దొరకనివి రాసుకోండి. సాయంత్రం గ్రాఫ్ కాగితం మీద చేత్తో పటం గీయండి, వైశాల్యం చేత్తో కట్టండి. మర్నాడు రోవర్‌తో అవే రాళ్ళు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా వచ్చిందో, ఎందుకు వచ్చిందో తేలేదాకా ఆ నంబరును వదలకండి. ఇలా కొన్ని నంబర్లు చేస్తే, ట్రైనింగ్‌లో ఎందుకు నేర్పారో మీకే అర్థమవుతుంది. మీ మండలంలో రిటైరైన సర్వేయరో, చైన్‌మనో ఉంటే వెంట తీసుకువెళ్ళండి. వాళ్ళు అడిగేవాళ్ళు లేక ఊరికే కూర్చున్నారు, పిలిస్తే సంతోషంగా వస్తారు. దారి ఖర్చులు, భోజనం మీరు చూసుకోండి, రోజు కూలి కూడా ఇవ్వండి.

టేపు గురించి: 30 మీటర్ల స్టీల్ టేపు ఒకటి మంచిది కొనండి, రాళ్ళ మధ్య కొలతలకు అదే వాడండి. ఫైబర్ టేపు తేలికగా ఉంటుంది, బురదలో బాగుంటుంది, కానీ గట్టిగా లాగితే సాగుతుంది. ఆఫ్‌సెట్లకు మాత్రం పెట్టుకోండి. స్టీల్ కూడా ఎండకు పెరుగుతుంది, 20 డిగ్రీలు వేడెక్కితే 30 మీటర్లకు 7 మిల్లీమీటర్ల దాకా. పొలం పనికి అది పెద్ద లెక్క కాదు, ప్లాట్ల పనికి గుర్తుంచుకోండి. చివర తెగి అతికించిన టేపు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. కొన్న రోజే దాని పొడవును మరో కొత్త టేపుతో సరిచూసి పెట్టుకోండి, ఆ తర్వాత ఏటా ఒకసారి చూడండి.